రీసెట్ మధ్యలో ఆగిన ల్యాప్‌టాప్‌కు దారి చూపాల్సింది తయారీదారులే

సంపాదకులకు నమస్కారం.

ల్యాప్‌టాప్ నెమ్మదించినా, పదే పదే బిగుసుకుపోయినా ‘ఒకసారి రీసెట్ చేసి (అంటే విండోస్‌ను మళ్లీ కొత్తగా అమర్చి) చూడండి’ అనే మాట ఇప్పుడు ఎవరి నోటనైనా వినిపిస్తోంది. ఆ సలహా తప్పని నేను అనను. చాలాసార్లు అది పనిచేస్తుంది. అయితే రీసెట్ మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో ఆ సలహా ఇచ్చేవారు గానీ, ఆ సౌకర్యాన్ని తెరపై చూపించే కంపెనీలు గానీ చెప్పడం లేదు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అంతవరకు ఏదో ఒకలా నడుస్తున్న యంత్రం అసలు తెరుచుకోకుండా పోతే, ఇక అది పనికిరాదనే నిర్ణయానికి వచ్చి చాలామంది మంచి యంత్రాన్నీ, అందులో భద్రంగానే ఉన్న ఫైళ్లనూ వదులుకుంటున్నారు. ఇందులో కొనుగోలుదారుల అజాగ్రత్త కన్నా తయారీదారుల నిర్లక్ష్యమే ఎక్కువని నా అభిప్రాయం.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ప్రాజెక్టు నివేదిక సమర్పించడానికి తొమ్మిది రోజులు గడువుండగా మా అమ్మాయి తన ల్యాప్‌టాప్‌ను రీసెట్‌కు పెట్టింది. ఫైళ్లు అలాగే ఉంచాలన్న ఎంపికనే నొక్కింది. ఛార్జర్ తగిలించి ఉంటేనే పని మొదలవుతుందని తెర చెప్పింది, ఆమె తగిలించింది. నల్లటి తెర మీద తెల్లని చుక్కలు గుండ్రంగా తిరుగుతూ, కింద అంకె 62 శాతం దాకా పెరిగి అక్కడ నిలిచిపోయింది. ఛార్జర్ పిన్ను వదులైందని మేము గమనించేసరికి బ్యాటరీ అయిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేసినా కంపెనీ గుర్తు రావడం, చేసిన మార్పులను వెనక్కి తీస్తున్నట్టు ఒక వాక్యం కనిపించడం, తెర ఆరిపోవడం, మళ్లీ ఆ గుర్తే రావడం తప్ప మరేమీ జరగలేదు. కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే రెండు ప్రశ్నలు అడిగి, మదర్‌బోర్డు పోయి ఉంటుందని చెప్పారు. తెర వెలిగి, గుర్తు వచ్చి, అక్షరాలు కూడా కనిపిస్తున్న యంత్రంలో బోర్డు చాలావరకు పనిచేస్తున్నట్టేనన్న సంగతి ఆ సమాధానం చెప్పినవారికి తెలియకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అసలు రీసెట్ ఎలా జరుగుతుందో తెలిస్తే అది ఎందుకు విఫలమవుతుందో అర్థమవుతుంది. ఒకప్పుడు కంప్యూటర్‌తో పాటు డిస్కులు ఇచ్చేవారు. తర్వాత అదే సరంజామాను హార్డ్ డిస్కులోనే ఒక వేరు భాగంలో దాచి ఉంచడం మొదలైంది. 2015లో వచ్చిన విండోస్ 10 నుంచి, డిస్కులో చోటు మిగల్చడం కోసం, ఆ ప్రత్యేక నకలు అవసరం లేకుండా, అప్పటికే యంత్రంలో ఉన్న సిస్టమ్ ఫైళ్లతోనే కొత్త విండోస్‌ను కట్టుకునే పద్ధతి తెచ్చారు. ఆ ఫైళ్లే చెడిపోయి ఉంటే వాటితో కట్టేది ఎలా నిలబడుతుంది? తాళం చెవిని బీరువాలోనే పెట్టి బీరువాకు తాళం వేసినట్టుంది ఈ ఏర్పాటు. 2020 నుంచి ఇంటర్నెట్ ద్వారా తాజా నకలు దింపుకొని రీసెట్ చేసే ఎంపికను కూడా చేర్చారు. అది మేలైనదే, కానీ దానికి 4 జీబీకి పైగా డేటా కావాలి, నెట్ మధ్యలో తెగకూడదు. ఏ పద్ధతిలోనైనా పాత వ్యవస్థను పక్కకు జరిపి కొత్తదాన్ని పేర్చే వేళ కరెంటు పోయిందంటే పాతదీ పూర్తిగా ఉండదు, కొత్తదీ పూర్తిగా ఉండదు. అయినా ఫైళ్లు ఉంచమని కోరి ఉంటే, వ్యక్తిగత ఫైళ్లు చాలా సందర్భాల్లో డిస్కులోనే ఉంటాయి. అందుకే కంగారుపడి ఫార్మాట్ చేయించుకోవద్దని ప్రతి ఒక్కరికీ ముందుగా చెప్పాలి.

మేము చేసింది ఇది. కంపెనీ గుర్తు కనబడగానే పవర్ బటన్‌ను పది సెకన్లు గట్టిగా నొక్కి ఆపేశాం. ఇలా వరుసగా మూడుసార్లు చేశాక మరమ్మతు సాధనాలుండే నీలిరంగు రికవరీ తెర వచ్చింది. ఆరంభాన్ని సరిచేసే సాధనంతో ఫలితం లేకపోయింది. పాత స్థితికి తీసుకెళ్లే సిస్టమ్ రీస్టోర్‌కు కావాల్సిన, ముందుగా భద్రపరచిన పాత స్థితులేవీ మిగల్లేదు. అప్పుడు బంధువుల కంప్యూటర్‌లో, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసుకుని, దాని నుంచి ల్యాప్‌టాప్‌ను ఆన్ చేశాం. ఇన్‌స్టాల్ చేయమనే మాటను కాదని మరమ్మతు ఎంపికలోకి వెళ్లి, ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, అందులో నోట్‌ప్యాడ్ అని టైపు చేస్తే మామూలు నోట్‌ప్యాడ్ తెరుచుకుంది. దానిలో ఫైలు తెరిచే పెట్టెలోకి వెళ్లి, అన్ని రకాల ఫైళ్లూ చూపించమంటే డిస్కులన్నీ కనిపించాయి. మా అమ్మాయి నివేదిక ఉన్న ఫోల్డర్ పేరు ఆ చిన్న పెట్టెలో కనబడిన క్షణాన ఆమె ముఖం చూడాలి. అక్కడి నుంచే దాన్ని కాపీ చేసి మరో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాం. ఆ తర్వాతే విండోస్‌ను కొత్తగా వేశాం. విండోస్ అసలైనదని చూపే ఉత్పత్తి కీ కోసం వెతకాల్సిన అవసరం కూడా రాలేదు, ఎందుకంటే విండోస్ 8 కాలం నుంచి కంపెనీలు ఆ కీని యంత్రంలోని ఫర్మ్‌వేర్‌లోనే, అంటే బోర్డు మీది చిప్‌లోనే, ఉంచుతున్నాయి.

ఇది చదివితే సులువుగా అనిపించవచ్చు. రెండు చోట్ల మాత్రం మేము ఆగిపోయాం, ఆ రెండూ ఎవరైనా ఎదుర్కొనేవే.

మొదటిది బిట్‌లాకర్, అంటే డిస్కుకు తాళం వేసే విండోస్ భద్రతా ఏర్పాటు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లగానే, డిస్కు దానంతటదే గుప్తలిపిలోకి మారిపోతుంది. యజమానికి ఆ సంగతి తెలియదు. రికవరీలోకి వెళ్లేసరికి 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే ఆ డిస్కులోని ఒక్క ఫోటో కూడా బయటకు రాదు, ఎంత నిపుణుడైనా చేయగలిగింది లేదు. వేరే ఫోనులో ఆమె ఖాతా తెరిచి, తెరపై కనిపించిన కీ గుర్తింపు అక్షరాలతో సరిపోల్చి ఆ అంకెలు రాసుకున్నాం. మూడేళ్ల కిందట యంత్రం కొన్న రోజున వాడిన ఈమెయిల్ ఆమెకు గుర్తుండబట్టి సరిపోయింది. గుర్తులేనివారి సంగతేమిటి?

రెండోది, పెన్‌డ్రైవ్ నుంచి తెరిచినప్పుడు మొదట జాబితాలో డిస్కే కనిపించకపోవడం. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లు వచ్చినప్పటి నుంచి అనేక ల్యాప్‌టాప్‌లలో డిస్కును గుర్తించడానికి అదనంగా ఒక స్టోరేజ్ డ్రైవర్, అంటే డిస్కుతో విండోస్‌ను మాట్లాడించే చిన్న ప్రోగ్రామ్, కావాలి. మైక్రోసాఫ్ట్ సాధనంతో చేసిన పెన్‌డ్రైవ్‌లో అది ఉండకపోవచ్చు. ఖాళీగా ఉన్న ఆ జాబితాను చూసినవారెవరైనా ఎస్‌ఎస్‌డీ (డిస్కు) కాలిపోయిందనే అనుకుంటారు. ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైటులో మోడల్ సంఖ్య వెతికి, ఆ డ్రైవర్ దింపి, పెన్‌డ్రైవ్‌లో వేసి చూపిస్తే డిస్కు వెంటనే ప్రత్యక్షమైంది.

నా ఫిర్యాదు సరిగ్గా ఇక్కడే. ఏ మోడల్‌కు ఏ డ్రైవర్ కావాలో, పెన్‌డ్రైవ్ నుంచి తెరవడానికి ఎఫ్12 నొక్కాలో, ఎఫ్9 నొక్కాలో, ఎస్కేప్ నొక్కాలో ఆ యంత్రాన్ని తయారుచేసినవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. తమకు తెలిసినదాన్ని ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో నింపి పెట్టెలోనే ఇవ్వడానికి వారికి ఏమి అడ్డు? అది ఖర్చనుకుంటే, కనీసం మొదటిసారి ఆన్ చేసిన రోజునే రికవరీ డ్రైవ్ చేసుకోమని గట్టిగా అడగవచ్చు. రీసెట్ బటన్ నొక్కిన వెంటనే బిట్‌లాకర్ కీ ఎక్కడ ఉందో చూపించి, దాన్ని రాసుకున్నట్టు యజమాని ఒప్పుకున్నాకే ముందుకు సాగేలా మైక్రోసాఫ్ట్ చేయవచ్చు. ఫోనులో సమాధానం చెప్పేవారికి, పెన్‌డ్రైవ్ నుంచి తెరిచి చూడకుండా మదర్‌బోర్డు పోయిందనకూడదని ఒక నియమం పెట్టవచ్చు.

యంత్రంలోని రికవరీ మీదనే పూర్తిగా ఆధారపడకూడదని 2025వ సంవత్సరమే రెండుసార్లు రుజువు చేసింది. ఆ ఆగస్టులో వచ్చిన భద్రతా అప్‌డేట్ తర్వాత విండోస్ 10లోనూ, విండోస్ 11లోని కొన్ని పాత వెర్షన్లలోనూ రీసెట్, రికవరీ ప్రయత్నాలు విఫలం కావచ్చని మైక్రోసాఫ్ట్ స్వయంగా ఒప్పుకుని, 19వ తేదీన విడిగా సవరణ విడుదల చేసింది. అక్టోబరు అప్‌డేట్ తర్వాతనైతే విండోస్ 11 రికవరీ తెర మీద యూఎస్‌బీ కీబోర్డూ మౌసూ పనిచేయలేదు. దాన్ని 20వ తేదీన సరిదిద్దారు. ఆ మధ్య రోజుల్లో రీసెట్ చేసుకున్న మనిషి తన తప్పు వల్లే ల్యాప్‌టాప్ పోయిందనుకుని ఉంటే, ఆ అపోహను తొలగించే బాధ్యత ఎవరిది?

మీ పత్రికలో సాంకేతిక విషయాలకు కేటాయించే చోట రికవరీ పెన్‌డ్రైవ్ తయారుచేసే విధానాన్ని, బిట్‌లాకర్ కీ వెతికే విధానాన్ని ఒకసారి బొమ్మలతో సహా ప్రచురించమని కోరుతున్నాను. ల్యాప్‌టాప్ బాగా నడుస్తున్న రోజున అరగంట వెచ్చిస్తే ఆ రెండు పనులూ పూర్తవుతాయి. అలాగే కంపెనీల ప్రతినిధులను మీ విలేకరులు కలిసినప్పుడు, పెట్టెలో రికవరీ పెన్‌డ్రైవ్ ఎందుకు ఇవ్వడం లేదని నేరుగా అడిగి, వారు చెప్పిన సమాధానాన్ని ఉన్నదున్నట్టు అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు