లిథియం బ్యాటరీ మీద అసలు అంకె వేయించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మోటార్ సైకిల్‌కు సీసం బ్యాటరీ తీసేసి లిథియం బ్యాటరీ పెట్టుకోవడాన్ని నేను సమర్థిస్తాను. సీటు కింద రెండు మూడు కిలోల బరువు కిలోకు అటూ ఇటూగా దిగిపోతుంది. యాసిడ్ కారి ఇనుము తుప్పు పట్టే బాధ ఉండదు. వాడకుండా పక్కన పెట్టినా దానంతటదే దిగిపోయే ఛార్జి చాలా తక్కువ. నా అభ్యంతరమంతా ఆ బ్యాటరీ మీద అచ్చు వేస్తున్న అంకె గురించే.

చాలా లిథియం బ్యాటరీల మీద ‘12 ఏహెచ్’ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే ఛార్జి లెక్క) అని కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దాని పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ‘సీసం బ్యాటరీతో సమానం’ అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. లోపలి సెల్స్ అసలు సామర్థ్యం తరచుగా అందులో మూడో వంతు, అంటే 4 ఏహెచ్ దగ్గరే ఉంటుంది. తయారీదారుల లెక్క పూర్తిగా అబద్ధమని అనను. సెల్ఫ్ నొక్కినప్పుడు స్టార్టర్ మోటారు ఒక్కసారిగా లాగే కరెంటును చిన్న లిథియం బ్యాటరీ కూడా వోల్టేజి పెద్దగా పడిపోకుండా అందిస్తుంది. అదే పని చేయాలంటే సీసం బ్యాటరీ అంతకంటే పెద్దది కావాలి. ఇంజన్ తిప్పడం వరకైతే కొన్నవారికి తేడా తెలియదు.

బండి ఆగి ఉన్నప్పుడే తెలుస్తుంది. అలారమో, జీపీఎస్ ట్రాకరో బిగించిన బండి తాళం చెవి తీసేశాక కూడా కరెంటు లాగుతూనే ఉంటుంది. అది 20 మిల్లీ ఆంపియర్లే అనుకుందాం. రోజుకు 0.48 ఏహెచ్ ఖర్చు. నిజంగా 12 ఏహెచ్ ఉంటే పూర్తిగా ఖాళీ కావడానికి 25 రోజులు పడుతుంది. 4 ఏహెచ్ అయితే ఎనిమిది రోజులే. డబ్బా మీది అంకెను నమ్మి రెండు వారాలు ఊరెళ్లిన మనిషి తిరిగొచ్చేసరికి బండి కదలదు. అంతటితో పోదు కూడా. అడుగంటా ఖాళీ అయిన లిథియం సెల్స్ లోపల దెబ్బతింటాయి. వాటికి మళ్లీ ఛార్జి పెట్టడమే ప్రమాదం కావచ్చు.

వర్క్‌షాపుల్లోనూ ఇదే చిక్కు. బండి ఆపి ఉన్నప్పుడు మల్టీమీటర్‌లో 12.7, 12.8 వోల్టులు కనిపిస్తే బ్యాటరీ ఫుల్ అని మెకానిక్ చెబుతాడు. సీసం బ్యాటరీకి అది సరైన మాటే. బైకుల్లో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 3.2 వోల్టుల సెల్స్ నాలుగు వరసగా ఉంటాయి. నిండుగా ఉండి, విశ్రాంతిలో ఉంటే అది 13.3 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12.8కి వచ్చిందంటే మిగిలింది ఐదో వంతు కూడా కాకపోవచ్చు. ఒకే అంకె, ఒకదానికి నిండుకుండ, రెండోదానికి అడుగు. ఈ తేడాను బ్యాటరీ మీదే రెండు వరసల్లో అచ్చు వేస్తే మెకానిక్‌కు ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.

ఛార్జింగ్ వోల్టేజి సంగతి ఇంకా ముఖ్యం. ఈ రకం లిథియానికి 14.6 వోల్టులు దాటకూడదు. ఛార్జింగ్ వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్ పాడైన పాత బండి 15 దాటి ఇచ్చినా సీసం బ్యాటరీ నీళ్లు మరిగించుకుంటూ కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. లిథియం ఓర్చుకోదు. లోపల బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) ఉంటే అది లైన్ కట్ చేస్తుంది. నడుస్తున్న బండిలో అలా కట్ అయితే పోటెత్తిన వోల్టేజి బల్బుల మీద, ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ అయిన ఈసీయూ మీద పడుతుంది. బీఎంఎస్ లేకపోతే సెల్సే ఆ దెబ్బ తింటాయి. కాబట్టి బ్యాటరీ మార్చే ముందు ఇంజన్ రేజ్ చేసి టెర్మినళ్ల దగ్గర వోల్టేజి కొలిచి తీరాలి. సీసం పలకల మీద పేరుకునే సల్ఫేషన్ పొరను వదిలించే పాత ఛార్జర్లు కూడా 15 వోల్టులు మించి పల్సులు పంపుతాయి. వాటిని లిథియానికి తగిలించకూడదు. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జి చేయకూడదన్నది మరో హద్దు. ఇవన్నీ బ్యాటరీతో వచ్చే కాగితంలో ఉండొచ్చు. ఆ కాగితం బిగించిన రోజే చెత్తలోకి పోతుంది.

అసలు సామర్థ్యం చెప్పడం కష్టమని ఏ కంపెనీ అనలేదు. లిథియం అయాన్ బ్యాటరీలను రవాణా చేయాలంటే బయటి కవచం మీద వాట్ అవర్లు (వోల్టులను ఏహెచ్‌తో గుణిస్తే వచ్చే శక్తి లెక్క) రాయాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. 4 ఏహెచ్ బ్యాటరీ అయితే ఆ అంకె 51 దగ్గర ఉంటుంది. అంటే నిజం విమానాల వాళ్లకు చెబుతున్నారు, కొనేవారికి కనబడని మూలన పెడుతున్నారు. ప్రమాణాలు నిర్ణయించే సంస్థలు ఆ అంకెను ‘సమానం’ అంకె పక్కనే, అంతే సైజులో వేయమని ఆదేశించాలి. గరిష్ఠ ఛార్జింగ్ వోల్టేజి, బీఎంఎస్ ఉందో లేదో కూడా అక్కడే ఉండాలి.

ఇంకొకటి. ఈ బ్యాటరీలు సీసం బ్యాటరీ ఆకారంలోనే, అవే కొలతల్లో వస్తున్నాయి. పాతబడ్డాక తుక్కులో రెండూ కలిసిపోతాయి. సీసం బ్యాటరీలను నలగ్గొట్టి కరిగించే చోటికి లిథియం సెల్స్ చేరితే మంటలు లేస్తాయి, పేలుళ్లు జరుగుతాయి. ఆ యంత్రం ముందు నిలబడేది కార్మికుడు. స్టిక్కర్ ఊడిపోయినా గుర్తుపట్టేలా లిథియం అన్న మాటను ప్లాస్టిక్ పెట్టెలోనే అచ్చు పోయాలి. పాత బ్యాటరీని అమ్మినవారే వెనక్కి తీసుకుని విడిగా పంపాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు