12 అంగుళాల సింగిల్ బదులు 7 అంగుళాలది పంపిన విషయమై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం.

మాంచెస్టర్ బ్యాండ్ ద స్మిత్స్ 1985లో విడుదల చేసిన ‘హౌ సూన్ ఈజ్ నౌ?’ సింగిల్‌ని (ఒక పాటను ప్రధానంగా వేసే చిన్న రికార్డు) మీ వెబ్‌సైట్‌లో ఆర్డర్ చేశాను. పేజీలో 12 అంగుళాల రికార్డు అని రాశారు. ఫొటో దానిదే, కేటలాగ్ నంబరు కూడా ఆర్‌టీటీ 176 అనే ఇచ్చారు. పార్సిల్ విప్పితే 7 అంగుళాల రికార్డు ఉంది. లేబుల్ మీద నంబరు ఆర్‌టీ 176.

ఫోన్ చేస్తే మీ సిబ్బంది ‘పాట అదే కదండీ, రికార్డు బాగానే ఉంది కదా’ అన్నారు. డబ్బు సంగతి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ మాట. 12 అంగుళాల రికార్డులో ఆ పాట ఆరున్నర నిమిషాల పైనే ఉంటుంది. మీరు పంపినదాంట్లో దాన్ని నాలుగు నిమిషాల లోపుకి కత్తిరించారు. ఆ పాటకి ప్రాణం బ్యాండ్ గిటారిస్టు జానీ మార్ గిటార్‌లోని వణుకు. దానికోసం ఆయనా, ప్రొడ్యూసర్ జాన్ పోర్టరూ గిటార్ ట్రాక్‌ని నాలుగు ఫెండర్ ట్విన్ రివర్బ్ ఆంప్లిఫయర్ల గుండా పంపారు. ట్రెమొలో (శబ్దాన్ని వణికించే ఎఫెక్ట్) వేగాన్ని చేత్తో తిప్పుతూ, తాళం తప్పినప్పుడల్లా టేపు ఆపి, కొంచెం కొంచెంగా రికార్డు చేశారు. ఆ వణుకు చెవికి పట్టి, మనసులోకి దిగడానికి టైము కావాలి. పాట అంత నిడివిగా ఉన్నది అందుకే. 1984లో ఇది వేరే సింగిల్ వెనకవైపు వచ్చింది, అదీ 12 అంగుళాలదాంట్లోనే. అయినా ఆ ఏడాది బీబీసీ రేడియో వ్యాఖ్యాత జాన్ పీల్ శ్రోతల ఓటింగులో మొదటి స్థానం దీనికే ఇచ్చారు. ఆ తర్వాతే దీన్ని విడిగా సింగిల్‌గా వేశారు.

పైగా 12 అంగుళాలదాని రెండోవైపున ‘ఆసిలేట్ వైల్డ్‌లీ’ అనే వాద్యసంగీతం కూడా ఉంటుంది. నాకు వచ్చినదాంట్లో ఆ వైపున ‘వెల్ ఐ వండర్’ ఒక్కటే ఉంది.

కవరు అంచులు నలిగాయని నేను ఫిర్యాదు చేయడం లేదు. ఇన్నేళ్ల రికార్డుకి అది మామూలే. కానీ పాత వస్తువుకి రిటర్న్ ఉండదని, పంపాలంటే కొరియర్ ఖర్చు నేనే పెట్టుకోవాలని మీవాళ్లు చెప్పడం న్యాయం కాదు. ప్రకటించిన వస్తువు ఒకటి, పంపింది ఇంకొకటి అయితే వెనక్కి తీసుకోవాల్సిందేనని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలని, నెలలోపు పరిష్కరించాలని కూడా వాటిలోనే ఉంది.

మీ దగ్గర ఆర్‌టీటీ 176 ఉంటే అదే పంపండి. నాకు కావలసింది అది. లేకపోతే డెలివరీ చార్జీతో సహా మొత్తం డబ్బు వాపసు చేయండి. ఏదేమైనా ఈ 7 అంగుళాల రికార్డుని మీ ఖర్చుతో మీ మనిషే వచ్చి తీసుకెళ్లాలి. దాన్ని భద్రంగా ఉంచాను. వెబ్‌సైట్‌లో ఆ పేజీని కూడా వెంటనే సరిచేయండి, ఇంకొకరు ఇలాగే నమ్మి కొనకుండా.

గడువులోపు జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను. బిల్లు, మీ పేజీ స్క్రీన్‌షాట్, రికార్డు లేబుల్ ఫొటో జతచేశాను.

ఇట్లు,
మీ కస్టమర్,
హైదరాబాద్