ఇంజన్‌కు తెలిసిన సంగతి మాకూ చెప్పండి సార్

రైల్వే ఆపరేటింగ్ అధికారి గారికి,

నల్లగొండ స్టేషన్లో రైలు కోసం ఎదురుచూసేవాళ్ల తరఫున రాస్తున్నాను. ఫోన్లో చూస్తే బండి స్టేషన్ దాటేసిందని ఉంటుంది, తీరా పక్క ఊరి నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి ఇంకా ఇక్కడే క్రాసింగ్ కోసం ఆగి ఉందన్నా అంటాడు. సింగిల్ లైన్ ఉన్నచోట క్రాసింగులు తప్పవు, దానికి మేమేం గొడవ చేయట్లేదు. కానీ ఇస్రోతో కలిసి మీవాళ్లే ఇంజన్లకు ఆర్‌టీఐఎస్ (బండి ఎక్కడుందో ఎప్పటికప్పుడు చెప్పే) పరికరాలు పెట్టారు కదా. ఆ పరికరం మన గగన్ ఉపగ్రహ వ్యవస్థ సాయంతో ఇంజన్ ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో 30 సెకన్లకోసారి పంపుతుంది, స్టేషన్లో ఆగినా ఆగకుండా పోయినా ఆ టైము బండ్లను నడిపించే కంట్రోల్ ఆఫీసు చార్టులో దానంతటదే పడుతుంది. మొదటి విడతలోనే 2,700 ఇంజన్లకు పెట్టారు.

మరి మాకు కనిపించే టైము ఆ పరికరం పంపిందా, ఎవరైనా చేత్తో ఎక్కించిందా, లేక ఊరికే అంచనానా? అదొక్కటి పక్కన రాయండి చాలు. చివరి సిగ్నల్ ఎప్పుడొచ్చిందో కూడా. మధ్యలో లాలాగూడ షెడ్డు ఇంజన్ తీసి కాజీపేట షెడ్డు ఇంజన్ తగిలించినా మాకేం పట్టదు (నాలాంటి ఇంజన్ పిచ్చోళ్లకు తప్ప), కొత్త ఇంజన్ నంబరు ఆ బండికి వెంటనే జతయితే చాలు.

భద్రత అంటారేమో, గూడ్సు ఇంజన్ల సంగతి మేం అడగట్లేదు. ప్యాసింజర్ బండ్లవి చాలు. మిర్యాలగూడలో, చిట్యాలలో, అటు మహబూబ్‌నగర్, జడ్చర్లలో రాత్రిపూట పిల్లలతో, ముసలోళ్లతో స్టేషనుకు ఎప్పుడు బయలుదేరాలో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది సార్.