చిన్నీకి, సావిన్ పండుగ గురించి

చిన్నీ,

నువ్వు ఫోన్ పెట్టేశాక మీ నాన్న చాలాసేపు మాట్లాడలేదు. నీ రూమ్మేట్ విక్కా అనే మంత్రవిద్య మతం పాటిస్తుందని, తనను తాను విచ్, అంటే మంత్రగత్తె, అని చెప్పుకుంటుందని, అక్టోబర్ 31న వాళ్ల సావిన్ పండక్కి నిన్ను పిలిచిందని విన్నప్పటి నుంచి ఆయనకు ఒకటే టెన్షన్.

ఆయన భయం నాకు అర్థమైంది. ఆ మాట వింటే మనకు చేతబడి, బాణామతి గుర్తొస్తాయి. ఆ పేరుతో జరిగే ఘోరాన్ని నేను డ్యూటీలో కళ్లారా చూశాను. ఎవరి పిల్లవాడికో జ్వరం తగ్గలేదని ఒక ముసలామెను చెట్టుకు కట్టేసి కొట్టి, ముందు పళ్లు పీకేశారు. ఆమె గాయాలకు కట్టు కట్టింది నేనే. అందుకే నీ స్నేహితురాలి గురించి ఏదైనా అనేముందు, వాళ్ల నమ్మకం ఏమిటో చదివి తెలుసుకోవాలనుకున్నాను.

ఇంగ్లండులో మంత్రవిద్య మీద 1735 నుంచి ఉన్న చట్టాన్ని 1951లో రద్దు చేశారు. ఆ తర్వాతే జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన ఈ మతం గురించి బాహాటంగా రాశాడు. దేవతనూ దేవుడినీ కొలుస్తారు, ఋతువులను బట్టి ఏడాదికి ఎనిమిది పండుగలు చేసుకుంటారు. నీతి సూత్రం ఒక్కటే: ఎవరికీ హాని జరగనంతవరకు నీకు నచ్చింది చెయ్యి. ఈ మాటను ఇప్పుడున్న రూపంలో 1964లో ఒక సభలో వినిపించింది గార్డ్‌నర్ శిష్యురాలు డోరీన్ వాలియంటే. ఆమె నివసించింది మీ బ్రైటన్‌లోనే. టైసన్ ప్లేస్‌లో ఆమె నివసించిన భవనానికి 2013లో గుర్తుగా నీలం ఫలకం పెట్టారు, వీలైతే చూసిరా.

మొదటిసారి చదివినప్పుడు ఇది మరీ సులువనిపించింది. నచ్చింది చేసుకోమంటే ఎవరు కాదంటారు? తర్వాత చదివినకొద్దీ ఎంత కష్టమో తెలిసింది. ఈ సూత్రాన్ని గట్టిగా పట్టుకున్నవాళ్లు తమకు నచ్చినవాడు తమను ప్రేమించాలని మంత్రం వేయరు, ఎందుకంటే అది అవతలివాడి ఇష్టాన్ని వంచడం. చాలామంది జబ్బు నయం కావాలని చేసే క్రతువుకు కూడా ముందు ఆ మనిషిని అడుగుతారు. నీ కోసం చేయనా అంటారు. వద్దంటే మానేస్తారు. ఇక్కడే నేను ఆగిపోయాను తల్లీ. ఆపరేషన్‌కు ముందు మేం రోగి దగ్గర సంతకం తీసుకుంటాం కదా, అలాంటిదే ఇది. మనకు ఇష్టంలేనిది ఎదుటివారికి చేయకూడదని చిన్నప్పుడు పద్యం నేర్చుకున్నాం. అందులో కొలత నా మనసు. ఇక్కడ మంచి చేయబోతూ కూడా ఎదుటివాళ్ల మనసును అడగాలి. మన ఇళ్లలో ‘నీ మంచి కోసమే’ అంటూ ఎన్ని పెళ్లిళ్లు చేశారో, ఎన్ని చదువులు మాన్పించారో నీకూ తెలుసు.

ఎవరికీ హాని లేకుండా బతకడం ఎలా కుదురుతుందని మీ నాన్న అడిగారు. తినాలంటేనే ఒక ప్రాణం పోవాలి కదా అన్నారు. విక్కా పాటించేవాళ్లలో ఈ కారణంగా మాంసం మానేసినవాళ్లున్నారు, తినేవాళ్లూ ఉన్నారు. ఆ సూత్రం సలహాయే తప్ప శాసనం కాదని వాళ్లలో చాలామంది అంటారు. గార్డ్‌నర్ 1959లోనే దీనికి ఒక దారి చెప్పాడు. పెద్ద కీడును ఆపడానికి ఎవరినైనా ఇబ్బంది పెట్టక తప్పకపోతే, ఆ కీడు తగ్గే విధంగానే చేయాలట. ఏ మంత్రమైనా ముందు నలుగురూ కూర్చుని మాట్లాడుకున్నాకే చేయాలట. మన ఊళ్లో ఆ ముసలామె మీద చెయ్యెత్తేముందు ఎవరైనా అలా కూర్చుని మాట్లాడారా?

చేసింది మూడింతలై తిరిగొస్తుందని కూడా కొందరు నమ్ముతారు. నాకది అంతగా నచ్చలేదు. భయపడి ఆగేవాడికి భయం పోయిన రోజు ఏ అడ్డూ ఉండదు.

పండక్కి వెళ్లు. నాన్నతో నేను మాట్లాడాను, సరేనన్నారు. కానీ వాళ్ల నియమం నీకూ వర్తించాలి. గార్డ్‌నర్ పద్ధతి పాటించే బృందాల్లో దుస్తులు లేకుండా పూజ చేసే ఆచారం ఉంది, క్రతువు చివర వైన్ కూడా పంచుకుంటారు. అక్కడ ఏమేం చేస్తారో ముందే అడుగు. వద్దనిపించినది వద్దని చెప్పు. చెప్పాక కూడా ఎవరైనా బలవంతం చేస్తే ఒక్క నిమిషం ఉండకుండా వచ్చెయ్.

ఆ అమ్మాయిని నా తరఫున ఒకటి అడుగు. ఇతరులను బాధపెట్టేవాణ్ని ఆపడానికి కట్టుమంత్రం వేయడం హాని కిందికి వస్తుందా, రాదా? ఈ విషయంలో వాళ్లలోనే ఒప్పుకునేవాళ్లు, ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. తను ఏమంటుందో వినాలనుంది.

మీ అత్తయ్యకు విషయం తెలిసి, నీ మనసు మారాలని హోమం చేయిద్దామంది. చిన్నీని అడగకుండా ఆ పని చేయనని చెప్పాను. నీ ఆరోగ్యం కోసమైతే ఈ శనివారం వేంకటేశ్వరస్వామి గుళ్లో అర్చన చేయించాలని ఉంది. చేయించనా? వద్దంటే మానేస్తాను. ఫోన్‌లో చెప్పు.

అమ్మ