నొప్పి సూది వేస్తే దాని పేరు రాసివ్వాలి

సంపాదకులకు,

ఆర్యా,

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో నడుం పట్టేసినా, మోకాళ్లు వాచినా, జ్వరంతో ఒళ్లు నొప్పులు వచ్చినా జనం ముందుగా అడిగేది ‘ఒక సూది వెయ్యండి’ అనే. ఆ సూదిలో ఏ మందు ఉందో వేసినవారు చెప్పరు, వేయించుకున్నవారు అడగరు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు, నొప్పి సూదుల వల్ల జరుగుతున్న అనర్థాల్లో చాలావాటికి ఈ ఒక్క లోపమే మూలమనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

సూదులే చెడ్డవని నా ఉద్దేశం కాదు. మూత్రనాళంలో రాయి అడ్డుపడి మెలికలు తిరిగిపోతున్న మనిషికి 75 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ సూది ఇచ్చే ఉపశమనం కళ్లారా చూసినవారెవరూ దాన్ని తీసిపారేయరు. ఎముక విరిగినప్పుడు, ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో వైద్యులు దాన్నో, కెటోరోలాక్ అనే మరో నొప్పి మందునో వాడుతుంటారు. అయితే ఈ రెండింటికీ గడువు ఉంది. డైక్లోఫెనాక్ సూది రోజుకు 150 మిల్లీగ్రాములు మించకూడదు, రెండు రోజులు దాటకూడదు. కెటోరోలాక్ విషయంలో సూదులూ మాత్రలూ కలుపుకుని ఐదు రోజులే పరిమితి. 65 ఏళ్లు దాటినవారికి, 50 కిలోల కన్నా తక్కువ బరువున్నవారికి కెటోరోలాక్ మోతాదు సగానికి తగ్గించాలి. కూలికి పోయే మన ముసలమ్మల్లో 50 కిలోలు తూగేవారు ఎందరున్నారు? రెండు రోజులకు ఉద్దేశించిన మందును వారం వారం సంతకు వచ్చినప్పుడల్లా వేయించుకునేవారిని నేను ఎరుగుదును. వారి దృష్టిలో అది మందు కాదు, సంత ఖర్చుల్లో ఒకటి.

‘మాత్రయితే కడుపులో మంట పుడుతుంది, సూదయితే నేరుగా రక్తంలో కలుస్తుంది కాబట్టి కడుపుకేమీ కాదు’ అన్న నమ్మకం చదువుకున్నవారిలోనూ గట్టిగా ఉంది. ఇది నిజం కాదు. ఈ మందులు నొప్పికీ వాపుకూ కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారు కాకుండా ఆపుతాయి. కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, కష్టకాలంలో మూత్రపిండాలకు రక్తం తగ్గకుండా చూసేవీ ఆ పదార్థాలే. మందు నోటి గుండా వెళ్లినా, పిర్ర గుండా వెళ్లినా రక్తంలో చేరాక చేసే పని ఒక్కటే. అందువల్ల కడుపులో పుండు ఉన్నవారికి, గతంలో రక్తపు వాంతులైనవారికి సూది ఏ విధంగానూ సురక్షితమైన దారి కాదు.

టమాటా బుట్టలు మోసి నడుం పట్టేసిన ఒక రైతు ఉదయం ఊళ్లో సూది వేయించుకుని, నొప్పి పూర్తిగా తగ్గలేదని మధ్యాహ్నం పట్నంలో మందుల షాపులో మాత్రలు కొని రెండు పూటలా మింగి, మర్నాడు నల్లటి జిగురు విరేచనాలతో మా ఆసుపత్రికి వచ్చాడు. లోపల రక్తం పోతోందనడానికి అది గుర్తు. ఏ సూది వేశారని అడిగితే ‘తెల్ల సూది సార్’ అన్నాడు. చొక్కా జేబులోంచి తీసిన స్ట్రిప్పు ముక్కలో పేరు ఉండాల్సిన చోటనే కత్తెర పడింది; వెనక రేకు మీద మిగిలింది కంపెనీ చిరునామాలో సగమూ, ఎర్రగీత అంచూ మాత్రమే. రెండు చోట్లకూ ఫోన్లు చేయగా తేలిందేమిటంటే, సూది డైక్లోఫెనాక్, మాత్రలు అసెక్లోఫెనాక్. ఒంట్లోకి వెళ్లాక ఆ మాత్రలోని మందు కూడా కొంత డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. ఉదయం ఒక చీటీ ముక్క చేతిలో పెట్టి ఉంటే మధ్యాహ్నం షాపువారు ఆ మాత్రలు ఇవ్వకుండా ఆగే అవకాశమన్నా ఉండేది.

మూత్రపిండాల సంగతి ఇంతకన్నా మోసకారి, ఎందుకంటే అక్కడ దెబ్బ తగిలినట్టు మొదట్లో తెలియదు. బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటివి, వాటితోపాటు నీరు పోయే మాత్ర కూడా వాడేవారు ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో ఈ సూది వేయించుకుంటే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినవచ్చు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే మొక్కు తీర్చుకోవడానికి ముందు జాగ్రత్తగా మోకాళ్ల సూది వేయించుకుని బయలుదేరే పెద్దవారు ఉన్నారు. మొక్కును నేను తప్పుబట్టను. కానీ చెమటలు కక్కుతూ, నీళ్లు సరిగా తాగకుండా, నొప్పి తెలియని మోకాళ్లతో ఎక్కడం రెండు విధాలా ప్రమాదమే. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను పాడుచేసి వాటిని దాదాపు తుడిచిపెట్టిందని తేలాక, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో ఒకే మోతాదు సీసాలనే అనుమతించారు. మనిషి రాబందంత సున్నితం కాకపోవచ్చు గానీ, మందు పట్ల ఆ మాత్రం జాగ్రత్త మనిషి విషయంలోనూ అవసరమే.

గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, ఆస్పిరిన్ పడని ఉబ్బస రోగులు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. వానాకాలపు జ్వరాల్లో డెంగీ కాదని తేలేదాకా ఈ సూదులు వద్దు, పారాసెటమాల్ చాలు. సూది పడాల్సింది పిర్ర పైభాగంలో బయటి వైపు. చోటు తప్పితే నరం దెబ్బతిని పాదం వాలిపోయే ప్రమాదముంది.

ఇంకొక ఆచారం మరీ ఆందోళనకరం. త్వరగా గుణం కనిపించాలని డైక్లోఫెనాక్‌లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ను ఒకే సిరంజిలో కలిపి వేస్తుంటారు. డైక్లోఫెనాక్‌ను వేరే మందుతో ఒకే సిరంజిలో కలపకూడదు. పైగా ఈ జంట వల్ల కడుపులో పుండు పడే ముప్పు పెరుగుతుంది, షుగరు ఉన్నవారికి షుగరు అమాంతం ఎగబాకుతుంది. నాలుగు రోజుల తర్వాత పెద్దాసుపత్రికి చేరిన రోగి ‘నొప్పి సూది’ అని మాత్రమే చెప్పగలిగితే అక్కడి వైద్యులు ఏమని ఊహించాలి?

కాబట్టి రెండు జిల్లాల వైద్య ఆరోగ్య శాఖ అధికారులకూ, ఔషధ నియంత్రణ అధికారులకూ మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. సూది ఎవరు వేసినా మందు పేరు, మిల్లీగ్రాములు, వేసిన తేదీ, సమయం చీటీ మీద రాసి ఇవ్వాలన్న ఆదేశం జారీ చేసి, అమలవుతోందో లేదో తనిఖీ చేయాలి. ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, డాక్టరు చీటీ లేకుండా అమ్మడమే చట్టవిరుద్ధం. చీటీ మీద అమ్మినప్పుడు కూడా స్ట్రిప్పును పేరు మిగిలేలా కత్తిరించాలి, కుదరకపోతే కవరు మీద రాయాలి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ వెళ్లినప్పుడు పాత చీటీలు దాచుకోమని చెప్పాలి. మందుల దుష్ప్రభావాలను తెలియజేయడానికి కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం వారి ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024 ఉంది, మామూలు జనం కూడా ఫోన్ చేయవచ్చు. అయితే అక్కడ ముందుగా అడిగే వివరాల్లో అనుమానిత మందు పేరు ఒకటి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
పలమనేరు, చిత్తూరు జిల్లా