పెద్దవాళ్ళ వేలికి తగ్గట్టు టచ్ సర్ది ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

తణుకులో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు నడుపుతున్నాను. "టచ్ పిచ్చిపిచ్చిగా చేస్తోంది, డిస్‌ప్లే మార్చెయ్యండి" అంటూ కొడుకులు, కూతుళ్ళు తెచ్చే ఫోన్లు చాలావరకు వాళ్ళ అమ్మానాన్నలవే. తీరా చూస్తే డిస్‌ప్లేకి ఏ లోపమూ ఉండదు. పక్కన నిలబడ్డ పెద్దాయన మాత్రం "నాకే చేతకావడం లేదులే బాబూ" అని తలవంచుకుంటారు. ఆ మాట ఆయన అనక్కర్లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫోన్ అద్దం కింద కంటికి కనపడని సన్నటి గీతలు అడ్డంగా, నిలువుగా పరిచి ఉంటాయి. వేలు తగిలిన చోట ఆ గీతల్లో నిలిచే విద్యుత్తు కొంచెం మారుతుంది. లోపలి చిప్ సెకనుకు అరవైసార్లకు తగ్గకుండా ఆ గీతలన్నిటినీ చూసుకుంటూ ఉంటుంది. మార్పు మరీ స్వల్పమైతే వదిలేస్తుంది. మరీ వెడల్పుగా ఉంటే అరచెయ్యో, చెంపో అని పక్కన పెడుతుంది. కాల్‌లో ఉన్నప్పుడు పైనుండే ప్రాక్సిమిటీ సెన్సర్, ఫోన్ చెవి దగ్గరికి రాగానే తెర ఆర్పేస్తుంది. అది పాడైతే చెంప తగిలి కాల్ మ్యూట్‌లోకి పోతుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కంతా ఆ తర్వాతే. ఆండ్రాయిడ్‌లో వేలు పెట్టి అక్కడే తీస్తే నొక్కినట్టు లెక్క. పెట్టిన వేలు మిల్లీమీటరుకు కొంచెం పైన జరిగిందంటే తెర జరపమన్నట్టు. దాదాపు అర సెకను అలాగే ఉంచితే లాంగ్ ప్రెస్, అంటే నొక్కిపట్టినట్టు. ఈ హద్దులు కుర్రవాళ్ళ వేళ్ళకు చక్కగా సరిపోతాయి. చెయ్యి సన్నగా వణికే మనిషికి మిల్లీమీటరు ఏ పాటిది?

బటన్ ఫోన్ వాడిన అలవాటుతో పెద్దవాళ్ళు గట్టిగా, నిదానంగా నొక్కుతారు. ఎంత గట్టిగా నొక్కారన్నది మన మామూలు ఫోన్లు పట్టించుకోవు, ఎంతసేపు నొక్కారన్నదే చూస్తాయి. వాట్సాప్‌లో మనవడి ఫొటో చూద్దామని ఒక మామ్మగారు అలా నొక్కితే ఫొటో తెరుచుకోదు. దాని మీద రంగు మారి, పైన చెత్తబుట్ట గుర్తు వస్తుంది. కంగారుపడి అటూ ఇటూ తాకుతారు. ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. మర్నాటి నుంచి ఆవిడ ఫోనే ముట్టుకోరు.

దీనికి పైసా ఖర్చు లేని మందు ఫోన్‌లోనే ఉంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిస్తే 'టచ్ అండ్ హోల్డ్ డిలే' కనిపిస్తుంది, ఎంతసేపు నొక్కిపడితే లాంగ్ ప్రెస్ అవుతుందో చెప్పేది అదే. దాన్ని 'లాంగ్'కి మార్చండి. వెంటవెంటనే రెండుసార్లు తగిలినా ఒకటిగానే తీసుకునే ఏర్పాటు శామ్‌సంగ్‌లో ఉంది, 'ఇగ్నోర్ రిపీటెడ్ టచెస్' అని. ఐఫోన్‌లో 'టచ్ అకామడేషన్స్'లోకి వెళ్తే వేలు ఎంతసేపు ఆనితే తాకినట్టో మనమే చెప్పొచ్చు, వేలు జరిగినా మొదట తాకిన చోటునే లెక్కలోకి తీసుకొమ్మనీ చెప్పొచ్చు. ఇంకో చిట్కా: చాలా బటన్లు వేలు ఎత్తినప్పుడే పనిచేస్తాయి. తప్పు చోట వేలు పడిందనిపిస్తే ఎత్తకుండా పక్కకు జరిపి, అప్పుడు తీయమని చెప్పండి.

చార్జింగ్ పెట్టినప్పుడే టచ్ దానంతట అది కదులుతుంటే మాత్రం ముందు చార్జర్ మార్చి చూడండి. నాసిరకం చార్జర్ నుంచి వచ్చే విద్యుత్ అలజడిని చిప్ వేలనుకుంటుంది. దానికి డిస్‌ప్లే మార్పించుకుంటే డబ్బు దండగ.

ఫోన్లు అమ్మే సోదరులకు నా విన్నపం. పౌచ్, టెంపర్డ్ గ్లాస్ వేసి ఇచ్చే ఓపిక మనకు ఉంది. కొనేది పెద్దవాళ్ళ కోసమైతే ఇంకో రెండు నిమిషాలు ఈ సెట్టింగులకు పెట్టండి. వీలైతే ఆ మనిషినే కూర్చోబెట్టి, చేత్తో నొక్కించి చూసి మార్చండి. కంపెనీలను అడిగేది ఒకటుంది. కొత్త ఫోన్ ఆన్ చెయ్యగానే భాష అడుగుతారు కదా, అక్కడే నాలుగు చోట్ల తాకించి, ఆ వేలి తీరును బట్టి హద్దులు సర్దండి. ఆ మిల్లీమీటరు హద్దును మార్చుకునే వీలు మా దగ్గరికి వచ్చే ఆండ్రాయిడ్ ఫోన్లలో నాకెక్కడా కనపడలేదు. అదీ సెట్టింగ్స్‌లో ఇవ్వాలి.

ఇట్లు,
ఒక సెల్‌ఫోన్ మెకానిక్,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా