పొద్దున గంట నడక, పగలంతా కుర్చీ: ఎముక లెక్క వేరు

సంపాదకులకు నమస్కారం.

ఆరోగ్య పేజీల్లో ఎముకల ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండు సలహాలే కనిపిస్తాయి: పాలు తాగండి, పొద్దున్నే నడవండి. రెండూ మంచివే. కానీ పొద్దున గంటసేపు నడిచి, ఆ తర్వాత పది గంటలు కుర్చీలోనో పీట మీదో సోఫాలోనో గడిపేవాళ్లకు ఇది సగం సలహానే. కూర్చున్న గంటలకు ఎముక విడిగా లెక్క కడుతుంది. ఆ లెక్క ఆడవాళ్లకు ఒకలా, మగవాళ్లకు ఇంకోలా ఉంటుంది.

అమెరికా జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వేలో 2005-06లో పాల్గొన్నవాళ్ల నడుముకు కదలికలను నమోదు చేసే చిన్న పరికరం కట్టారు. తుంటి, వెన్ను ఎముకల సాంద్రతను డెక్సా స్కానుతో (తక్కువ మోతాదు ఎక్స్‌రే పరీక్ష) కొలిచారు. ఆ వివరాలను విశ్లేషించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువసేపు కూర్చునే మహిళల తుంటి ఎముక సాంద్రత తక్కువగా ఉన్నట్టు తేలింది. వాళ్లు చేసే వ్యాయామాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా చెరిగిపోలేదు. మగవాళ్లలో కూర్చునే సమయానికీ సాంద్రతకూ అలాంటి సంబంధం కనిపించలేదు. ఒకే కాలంలో తీసిన కొలతలు కాబట్టి ఇవి కారణాన్ని నిరూపించవు, ఒంట్లో బాగాలేనివాళ్లే ఎక్కువగా కూర్చుంటారని ఎవరైనా అనవచ్చు. అయితే ఎముక పనితీరు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

ఎముకలో రెండు రకాల కణాలు ఎప్పుడూ పనిలో ఉంటాయి. ఒక రకం పాత ఎముకను తవ్వుతుంది, రెండో రకం ఆ గుంటను కొత్త ఎముకతో పూడుస్తుంది. తవ్వడం వారాల్లో అయిపోతుంది, పూడ్చడానికి నెలలు పడుతుంది. ఎక్కడ ఎంత పూడ్చాలో చెప్పేవి ఎముక లోపల పాతుకుని ఉండే ఆస్టియోసైట్లు అనే మరో రకం కణాలు. బరువు పడి ఎముక వెంట్రుకవాసి వంగినా అవి పసిగడతాయి. బరువు పడకపోతే స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా వదులుతాయి, అది పూడ్చే కణాల చేతులు కట్టేస్తుంది. నడిచేటప్పుడు తుంటి కీలు మీద ఒంటి బరువుకు దాదాపు రెండున్నర రెట్ల ఒత్తిడి పడుతుంది. కూర్చోగానే ఆ బరువంతా పిర్రల కింది ఎముకల మీదుగా కుర్చీలోకి దిగిపోతుంది. పెద్దవాళ్లు జారిపడితే తరచుగా విరిగే చోట్లలో తొడ ఎముక మెడ భాగం ఒకటి, కూర్చున్నంతసేపూ దానికి పనే ఉండదు.

బరువు పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో అంతరిక్షంలో చూశారు. వ్యోమగాముల తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం తరుగుతుంది. ఆరునెలలు ఉండి వచ్చినవాళ్లలో చాలామందికి, భూమ్మీద ఏడాది గడిచినా పోయింది పూర్తిగా తిరిగి రాలేదు. కుర్చీ అంతరిక్షమంత చెడ్డది కాదు గానీ, తొందరగా తరిగి నెమ్మదిగా పెరగడం మాత్రం ఇక్కడా అంతే.

మహిళల విషయంలో దీనికి ఈస్ట్రోజన్ తోడవుతుంది. తవ్వే కణాలకు కళ్లెం వేసేది ఈ హార్మోనే. ముట్లు ఆగిపోయాక మొదటి ఐదు నుంచి ఏడేళ్లలో ఎముక 20 శాతం దాకా తరగవచ్చు. ఈ విషయంలో మన రెండు రాష్ట్రాల పరిస్థితి ప్రత్యేకం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో సగటున 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కరోజులో పడిపోతుంది. అండాశయాలు ఉంచినా ముట్లుడిగే దశ ముందుగా రావచ్చు. ఆపరేషన్ తర్వాత "బరువులు ఎత్తకు, కూర్చో" అని ఇంట్లోవాళ్లు ప్రేమగా చెప్పే మాట కొన్ని వారాల వరకే సరైనది. దాన్ని ఏళ్ల తరబడి పాటిస్తున్న ఆడవాళ్లు ఎందరో. ముప్పై అయిదేళ్లకు ఆపరేషన్ అయిన మనిషికి డిశ్చార్జి కాగితంలో రక్తహీనత మాత్రలు రాస్తారు, ఎముకల మాట ఒక్క ముక్క ఉండదు. ఇది మారాలి.

కూర్చునే ఉద్యోగం అనగానే అందరికీ మాదాపూర్, గచ్చిబౌలి గుర్తొస్తాయి. నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి పల్లెల్లో చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టే అక్కలు ఎవరికీ గుర్తురారు. మోటారు పెట్టిన కుట్టు మిషన్ ముందు కూర్చునేవాళ్లదీ అదే పరిస్థితి, కాలితో తొక్కే పని కూడా పోయింది. వీళ్లెవరికీ ఎండ సరిగా తగలదు. చేసినంతకే కూలి ఇచ్చే పని కాబట్టి లేవడమంటే కూలి తగ్గడమే. బీడీ కార్మికుల ఆరోగ్యమంటే ఊపిరితిత్తులు, నడుం నొప్పి దగ్గరే మాట ఆగిపోతోంది.

మగవాళ్లకు ముట్లుడిగే దశ లాంటి ఒక్కసారి పడిపోవడం లేదు, ఎముకలు కూడా పెద్దవి. అందుకే తరుగుదల ఆలస్యంగా బయటపడుతుంది. కానీ తుంటి విరిగాక ఏడాదిలోపు చనిపోయేవాళ్ల శాతం ఆడవాళ్లలో కన్నా మగవాళ్లలోనే ఎక్కువ. రోజూ మందు, పొగ, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లు, ఉబ్బసానికో కీళ్లవాతానికో మూడు నెలలకు మించి వాడే స్టెరాయిడ్ మాత్రలు, వీటిలో ఏది ఉన్నా మగవాళ్లు కూడా స్కాన్ గురించి డాక్టరును అడగాలి.

ఇక చేయాల్సింది. ఎముకకు గంటలకొద్దీ చేసే ఒకేరకం పని పెద్దగా పట్టదు. కొద్దిసార్లు, కాస్త గట్టిగా, విరామమిచ్చి పడే బరువే దానికి పనికొస్తుంది. జపాన్ పరిశోధకులు 1997లో ప్రచురించిన ఎలుకల ప్రయోగంలో రోజుకు 5 గెంతులకే ఎముక బలపడింది. 40, 100 దాకా పెంచినా అదనంగా కలిగిన లాభం స్వల్పమే. ఒకే బరువు వరసగా పడుతుంటే దాన్ని పసిగట్టే ఎముక కణాలు మొద్దుబారి, కొన్ని గంటల తర్వాతే మళ్లీ తేరుకుంటాయి. ముట్లుడిగిన మహిళల్లో నడక ఒక్కదానితో వెన్ను ఎముక సాంద్రత పెద్దగా పెరగకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. గుండెకూ షుగరుకూ నడక కావాలి, మానొద్దు. దానికి తోడుగా ఇవి చేర్చండి.

ప్రతి అరగంటకు లేవండి. లేచేటప్పుడు చేతులు ఆనించకండి. కుర్చీ వెనుక భాగం గోడకు ఆనించి, అంచున కూర్చుని, పాదాలు మోకాళ్ల కిందికి లాక్కుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ముందుకు వంగి లేవాలి. కూర్చునేటప్పుడు మనసులో మూడంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. అయిదు నుంచి పది సార్లు చాలు. ఎక్కువమంది చేసే తప్పు ధబ్బున కూలబడటం. వెన్ను బలహీనంగా ఉన్నవాళ్లకు ఆ ఒక్క కుదుపుకే పూస నలిగిపోవచ్చు. మోకాళ్లు లోపలికి ఒరిగిపోతుంటే కుర్చీ ఎత్తు చాలనట్టే, దిండు వేసి మొదలుపెట్టండి. పదిహేను సార్లు సులువుగా వస్తుంటే లీటరు నీళ్ల సీసాలు రెండు సంచిలో వేసి వీపుకు తగిలించుకోండి. బరువు పెంచకుండా సార్లు పెంచితే కండకు ఓపిక వస్తుంది, ఎముకకు అందేది తక్కువ.

యాభైలోపు వయసు, గతంలో విరుగుళ్లు లేవు, మోకాళ్లు బాగున్నాయి అనుకుంటే గెంతండి. అమెరికాలో 25-50 ఏళ్ల మహిళలతో రోజుకు రెండు విడతలు, విడతకు 10 లేదా 20 గెంతులు, ప్రతి గెంతుకూ మధ్య 30 సెకన్ల విరామంతో 16 వారాలు చేయించారు. గెంతనివాళ్లతో పోలిస్తే వాళ్ల తుంటి ఎముక మెరుగైంది. ఆ 30 సెకన్లు బద్ధకం కింద లెక్కేసి గబగబా ముగించవద్దు. కాన్పుల తర్వాత గెంతితే మూత్రం చుక్కలు పడే సమస్య చాలామందికి ఉంటుంది, సిగ్గుతో చెప్పరు. వాళ్లు ముందు మూత్రాన్ని ఆపే కటి కండరాల వ్యాయామం నేర్చుకుని, అంతవరకూ మెట్లు ఎక్కడంతో సరిపెట్టుకోవాలి.

ముట్లుడిగినవాళ్లు బరువులు ఎత్తకూడదన్న నమ్మకం కూడా తప్పే. ఆస్ట్రేలియాలో 58 ఏళ్లు దాటిన, ఎముక సాంద్రత తక్కువగా ఉన్న మహిళలతో వారానికి రెండు రోజులు, అరగంట చొప్పున, ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80-85 శాతం దాకా ఎత్తించారు. ఎనిమిది నెలల్లో వెన్ను సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలిక వ్యాయామం చేసినవాళ్లకు 1.2 శాతం తగ్గింది. అయితే అక్కడ ప్రతి ఎత్తునూ శిక్షకులు పక్కనే ఉండి చూశారు, మొదటి నెల తక్కువ బరువుతో పద్ధతి మాత్రమే నేర్పారు. వీడియో చూసి ఒంటరిగా మొదలుపెట్టే పని కాదు.

టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువత సగటుతో మన ఎముక సాంద్రతను పోల్చి స్కాన్ రిపోర్టులో ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్నవాళ్లు, యవ్వనంలో ఉన్న ఎత్తు కన్నా 4 సెంటీమీటర్లు తగ్గినవాళ్లు గెంతకూడదు, ముందుకు వంగే ఆసనాలు వేయకూడదు. పశ్చిమోత్తానాసనం, పాదహస్తాసనం, సూర్యనమస్కారాల్లో ముందుకు వంగే భంగిమలు ఇందులోకే వస్తాయి. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 1984లో ప్రచురించిన అధ్యయనంలో, ముందుకు వంగే వ్యాయామాలు చేసిన రోగుల్లో 89 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు నలిగాయి. వెనక్కి నిటారుగా చాపే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 శాతం మందికే. యోగా తరగతిలో చేరేటప్పుడు గురువుకు స్కాన్ రిపోర్టు చూపించండి.

ఎండ సంగతి. తెల్లవారి ఆరింటికి నడిచి విటమిన్ డి వచ్చేసిందనుకోవద్దు. చర్మంలో అది తయారయ్యే కిరణాలు మన దగ్గర పదకొండు నుంచి రెండింటి మధ్య ఎక్కువగా ఉంటాయని తిరుపతిలో చేసిన పరిశీలనలు చెబుతున్నాయి. ఆ వేళ చేతులు, ముఖం, మెడ మీద కాసేపు ఎండ పడనివ్వండి, వేసవిలో వడదెబ్బ చూసుకోండి. 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి సాధారణంగా వారానికి ఒకటి, అదీ ఎనిమిది వారాలే. రోజూ వేసుకుని వాంతులు, కిడ్నీ దెబ్బతో ఆసుపత్రిలో చేరడం జరుగుతున్నదే. కాల్షియం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన మహిళలకు 1200. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 360, వంద మిల్లీలీటర్ల ఆవుపాలలో 120 దాకా ఉంటుంది.

చివరగా ఉచిత శిబిరాల విషయం. మడమ మీద జెల్ రాసి చేసే అల్ట్రాసౌండ్ పరీక్షతో ఎముకలు గుల్లబారాయని నిర్ధారించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మైనస్ 2.5 గీత తుంటి, వెన్ను డెక్సా స్కానుకు సంబంధించింది. ఆ స్కాన్‌లోనూ రెండు మెలికలున్నాయి. వయసు పైబడినవాళ్ల వెన్నులో అరుగుదల వల్ల పెరిగే ముళ్లు సాంద్రతను ఎక్కువ చేసి చూపిస్తాయి, అప్పుడు తుంటి అంకెనే నమ్మాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన నల్గొండ, ప్రకాశం జిల్లాలవాళ్లకు ఎముక దట్టంగా కనిపించినా పెళుసుగా ఉంటుంది. స్కాన్ మళ్లీ తీయించుకుంటే అదే మిషన్ మీద, ఏడాది రెండేళ్ల తర్వాత.

ఉచిత ఎముకల పరీక్ష శిబిరం వార్త వేసినప్పుడల్లా అక్కడ చేసేది మడమ పరీక్షా, డెక్సా స్కానా అన్నది కూడా అడిగి అచ్చువేయాలని మీ పత్రికను కోరుతున్నాను.

ఇట్లు
ఒక ఫిజియోథెరపిస్టు, హనుమకొండ